ఉదకమండలంలో మేమిద్దరమే

1936 మే నెల, బుధవారం. ఉదకమండలం. హాజరు: నేను, నా భార్య. మూడోవారు లేరు.

పెళ్లయిన ఆరేళ్లుగా నేను రాస్తున్న డైరీల్లో ఇలాంటి హాజరు ఎక్కడా లేదు. ఆదోనిలో మా ఇంట్లో అమ్మానాన్న, అన్నలు, వదినలు, పిల్లలు, ఒక మేనత్త ఉండేవారు. పెద్దవాళ్ల ఎదుట భార్యాభర్తలు మాట్లాడుకోకూడదు. పెద్దవాళ్లు లేని చోటు ఇంట్లో లేదు. నా భార్య నాకు చెప్పదలచుకున్నది మా అమ్మకు చెప్పేది. అమ్మ అందులో తనకు నచ్చినంత నాకు చెప్పేది.

నేను పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాను. ఆ ఏడు మా షావుకారు ఎండలు తట్టుకోలేక ఆ కొండమీది ఊళ్లో ఒక ఇల్లు బాడుగకు తీసుకున్నారు. గవర్నరు దొర ఎండాకాలం కాపురం పెట్టే ఊరు కాబట్టి బాడుగ కూడా దొరతనంగానే ఉంది. ఇల్లు కడిగి, కట్టెలు కొనిపెట్టి, వంట మొదలుపెట్టడానికి మా ఇద్దరినీ ముందుగా పంపారు. గుంతకల్లులో రైలు మారి, బెంగుళూరు, మైసూరు మీదుగా పోయి, చివర బస్సెక్కాం. ఆదోనిలో నీడలో కూడా చెమట పట్టే నెలలో అక్కడ దుప్పట్లు కప్పుకుని తిరిగాం.

షావుకారు గురువారం పొద్దున వస్తారు. రాగానే నేనొక జవాబు చెప్పాలి. ఎమ్మిగనూరులో పత్తి కొనడానికి కొత్త అంగడి తెరుస్తున్నారు. దాన్ని నన్ను చూసుకోమన్నారు, ఉండడానికి రెండు గదుల ఇల్లిస్తామన్నారు. మా నాన్న వద్దన్నారు. నేను ఆ మాటే చెప్పాలనుకున్నాను.

మొదటి రోజు మేము మాట్లాడుకోలేదు. అలవాటు లేదు. నా భార్య పొయ్యి వైపు తిరిగి "నీళ్లు కాగినాయి" అనేది. నేను కిటికీతో "సరే" అనేవాణ్ణి. పనులు జరిగాయి.

బుధవారం మధ్యాహ్నం కూరకు ఉర్లగడ్డలు కొనడానికి సంతకు బయలుదేరాం. నేను ముందు, ఆమె బాగా వెనక. దొరల రాతి చర్చి దాటాక ఎదుటి కొండ మీంచి తెల్లగా పొగ దిగింది. పత్తి గోదాముల మధ్య పెరిగినవాడికి అలాంటి పొగకు ఒకటే అర్థం. బేళ్లు అంటుకున్నాయి. ఎక్కడో చూద్దామని పరుగెత్తాను. ఆ ఊళ్లో పత్తే లేదన్న సంగతి కొంతదూరం పోయాక తట్టింది. అప్పటికి నా చేయి నాకు కనబడడం లేదు. అది పొగమంచు.

వెనక నుంచి నా భార్య గొంతు వినిపించింది.

"ఇదో... యాడుండారు?"

ఆ మాట నాకు చేరవేయడానికి అక్కడ ఎవరూ లేరు. నేనే జవాబు చెప్పాను.

"ఈడ. గోడ పక్కన."

"ఏ గోడ? నాకు గోడా లేదు, మీరూ లేరు."

"నేను మాట్లాడుతాంటా, ఆ మాట పట్టుకొని రా."

వచ్చి నా కండువా కొస గట్టిగా పట్టుకుంది. మంచు పోయేదాకా గోడ మీద పక్కపక్కనే కూర్చున్నాం. చూసేవాళ్లు లేరు. ఉన్నా కనబడం.

"ఎందుకట్ల పరుగెత్తినారు?"

"గోదాము కాలుతాందనుకుంటి."

"పెండ్లాన్ని ఇడిసిపెట్టి పత్తిని కాపాడబోయినారు. షావుకారుకు చెప్పండి, జీతం పెంచుతాడు."

మళ్లీ ఆమే అడిగింది. "ఎమ్మిగనూరు సంగతి ఏమి చేసినారు?"

"నీకెట్ల తెలుసు?"

"మామకు మీరు చెప్తాంటే నేను జొన్నలు విసురుతాంటి. తిరగలి నిలిపి వింటి."

"నాయన వద్దన్నాడు గదా."

"మామ వద్దన్నాడు. మీరేమన్నారు?"

"నన్నెవరు అడిగినారు?"

"నన్నూ అడగలేదు. సరిపోయింది. ఇప్పుడు నేను అడుగుతాండా. పోదామా, వద్దా?"

తనకు తలుపు మూసుకునే ఇల్లు ఒకటి ఉంటే చాలంది. ఆరేళ్లుగా తాను ఎవరితోనో సంసారం చేస్తున్న మాట నిజమే గాని అది నేనేనని గట్టిగా చెప్పలేనంది. "మీ గురక ఒకటే నాకు బాగా తెలుసు" అంది. నేను గురక పెట్టనన్నాను. "మీ వదినలను అడగండి" అంది.

మంచు తేలిపోయాక సంతకు పోయాం. తిరిగొచ్చేటప్పుడు ఆమె వెనక నడవలేదు.

గురువారం పొద్దున షావుకారు కుటుంబంతో దిగారు. శాలువా రెండు చుట్లు చుట్టుకుని, "ఏమప్పా, ఎమ్మిగనూరు మాట ఏమైంది?" అన్నారు.

"పోతాం షావుకారూ."

"మీ నాయన ఒప్పుకున్నాడా?"

"లేదు. వద్దన్నాడు."

"ఆయనకు ఎవరు చెప్తారు?"

"నేనే చెప్తా."

"చెప్పి బతికుంటే వచ్చి తాళాలు తీసుకో. ముందు కాఫీ తెప్పించు, చేతులు కొంకర్లు పోతాండాయి."

వంటింటి గడప దగ్గరికి పోయి, షావుకారమ్మ వింటుండగానే, కాఫీ కావాలని నా భార్యతో చెప్పాను. షావుకారమ్మ చేస్తున్న పని ఆపింది.

"చక్కెర ల్యా. పోయి తెచ్చిపెట్టండి" అంది నా భార్య.

సంచి తీసుకుని బయలుదేరాను.