మద్యనిషేధ సభలో ద్రాక్ష సర్బత్తు

నేను ఉద్యోగంలో చేరిన కాలంలో మా కడప జిల్లాలో సారాయి దొరకడం కష్టం, నాకు బుద్ధి దొరకడం అంతకన్నా కష్టం. ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. పల్లెల్ని బాగుచేయడానికి బ్లాకులని పెట్టి, బ్లాకుకొక జీపునీ, ఆ జీపెక్కే భాగ్యం లేని నాలాంటి గ్రామసేవికల్నీ ఇచ్చారు. ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ల మధ్య పుట్టి పెరిగి, కందిచెట్టుకీ శనగచెట్టుకీ తేడా తెలియని నన్ను పులివెందుల పక్క తొండూరుకి వేశారు. అక్కడి ఆడవాళ్లకి కుట్టుపనీ, పిల్లల పెంపకమూ, పండ్లరసాలు నిల్వచేసే పద్ధతీ నేర్పాలి. నాకు పెళ్లి కాలేదు, సూదిలో దారం ఎక్కించడం రాదు. మిగిలింది పండ్లరసం. ఆ పాఠం చెప్పిన రోజు శిక్షణ కేంద్రంలో నేను పూర్తిగా మేలుకొనే ఉన్నాను (ఈ మాట ముందే చెప్పుకోవాలి, తర్వాత జరిగింది వింటే మీరు నమ్మరు).

తొండూరులో నాకు గది ఇచ్చిన పెద్ద రైతు ఇంటి ముసలామెను ఊరంతా జేజి అనేది, నేనూ అలాగే పిలిచేదాన్ని. జేజి బాయి దగ్గర నిలువునా పాతిన రాతికూసాల మీద ఒక ద్రాక్షపందిరి ఉండేది. ఆమె మామగారు వయసులో ఉన్నప్పుడు బెంగుళూరు పక్కనుంచి కొమ్మలు తెచ్చి నాటినవట. నేను చూసేనాటికి ఆ తీగల్ని తీగలనడానికి నోరొచ్చేది కాదు, ఒక్కొక్కటి మనిషి తొడంత లావు, బెరడు పేలికలు పేలికలుగా వేలాడుతూ ఉండేది. ముసలి చెట్లు కాబట్టి గెలలు తక్కువ. కాసినవి చిన్న చిన్న పచ్చటి కాయలు, కొరికితే ముందు పులుపు, ఆ వెనక తీపి, చివర్లో ఏదో పూల వాసన. "చెట్లు కొట్టేసి నిమ్మ పెట్టమంటాండారు కొడుకులు. నేనుండగా కానీను" అనేది జేజి.

శివరాత్రి పోయాక ఆ కాయలన్నీ కోయించి, మహిళామండలి వాళ్లందరి ముందూ పిండి, తొక్కలు తీసి పారేసి, వడగట్టి, పెద్ద ఊరగాయ జాడీలో పోయించాను. పాఠం ప్రకారం ఇప్పుడు చక్కెర పాకం పోయాలి, రసం చెడకుండా మందుపొడి వేయాలి, సీసాలకెత్తి బిగించాలి. చక్కెరా పొడీ సీసాలూ బ్లాకాఫీసు నుంచి రావాలి. రేపొస్తాయన్నారు. జాడీకి గుడ్డ కట్టి బాయి పక్క రాతికొట్లో పెట్టాం. ఆ రేపు రానే లేదు. నాలుగు రోజులకి జేజి పరుగెత్తుకొచ్చింది.

"పాపా, జాడీలో పామేమన్నా దూరిందా ఏంది? బుస్సుబుస్సంటాండాది!"

చెవి పెట్టి విన్నాను. నిజమే, లోపల ఎవరో గుసగుసలాడుతున్నట్టుంది. పైన నురగ. "పాము కాదు జేజీ, రసం కుదురుకుంటాంది, అంతే" అన్నాను, సర్కారు జీతం తినే మనిషికి ఉండాల్సిన ధీమాతో. కొన్ని వారాలకి ఆ గుసగుస ఆగిపోయింది. మడ్డి అడుక్కి దిగి, పైన లేత గడ్డిరంగులో, అద్దంలాగా తేటగా నిలిచింది రసం. జేజి వేలు ముంచి నాకింది. తర్వాత చిన్న గ్లాసుతో తాగింది. "చక్కెర వచ్చేలోపల ఉండే తీపి గూడా పోయిందే. అయినా శానా బాగుండాది. ఎండకి ఇట్లాంటిదే కావాల" అని, ఆ పూట గోడకానుకుని సాయంత్రం దాకా నిద్రపోయింది. పెద్దవయసు కదా అనుకున్నాను. (పుట్టినప్పటినుంచీ నిషేధంలోనే పెరిగిన పిల్లని నేను. సారాయంటే నాకు తెలిసిందల్లా బస్టాండులో అప్పుడప్పుడూ ముక్కుకి తగిలే కుళ్లు వాసన. ఇదేమో పూలవాసన వేస్తాంది. ఎట్లా అనుకుంటాను?)

ఇంతలో మా బ్లాకాఫీసరు మద్యనిషేధ ప్రచార సభ పెట్టమన్నాడు. సారాయి తాగొద్దంటే చాలదు, బదులు ఏం తాగాలో కూడా చూపించమన్నాడు. నా గుండె ఉప్పొంగింది. జాడీ ఉంది కదా! పైగా సభకి మాట్లాడేందుకు వస్తున్నది మా సొంత మేనమామ. జమ్మలమడుగులో ఉంటూ ఊళ్లు తిరిగి సారాయి పట్టుకునే ఉద్యోగం ఆయనది. గడ్డివాములో పెట్టినా, బిందెలో పోసి బాయిలో దించినా, వీధి మొదట్లో నిలబడి గాలి పీల్చి నేరుగా ఆ ఇంటికే పోతాడని పేరు. అందుకే అందరూ వాసన మామ అనేవాళ్లు. మేనకోడలి కొత్త ఉద్యోగం, మేనమామ ఉపన్యాసం. మా అమ్మకి ముందే జాబు రాసేశాను కూడా.

ఎండ దంచుతోంది. ద్రాక్షపందిరి కిందే జంపకానాలు పరిచాం. రసాన్ని ఇత్తడి బిందెలకెత్తి తెల్లవారుజామునుంచీ బాయినీళ్లలో దించి ఉంచితే మంచులాగా చల్లబడింది. మామ వచ్చీరాగానే ఒక లోటా ఇచ్చాను. గటగటా తాగి, కళ్లు మూసుకుని, "యబ్బ! కడుపులో తలుపు తీసినట్లుండాది" అన్నాడు. ఇంకో లోటా తాగాడు. మహిళామండలి వాళ్లు తాగారు, ఊరి పెద్దలు తాగారు, పనికొస్తుందని చూపించాలి కదా అని నేనూ తాగాను. నాలుక మీద తీపన్నది లేదు. పచ్చిమామిడి కొరికినంత చురుకు, ఆ వెనక తడిసిన బండరాయి చల్లదనం, మింగాక ఎక్కడో మల్లెలు. చెవుల్లో కొంచెం వెచ్చగా అనిపించింది. ఉత్సాహం అనుకున్నాను.

మామ లేచాడు. "సారాయి తాగినోనికి మూడు గుర్తులుండాయి. ఒకటి, ఊరికే నవ్వుతాడు. రెండు, చెప్పిందే చెప్తాడు. మూడు..." ఆగాడు. ఎవరో కిసుక్కుమన్నారు. మామ కూడా నవ్వాడు. "మూడు... ఒకటి, ఊరికే నవ్వుతాడు." జంపకానా మీద ఆడవాళ్లు ఒకరి మీదొకరు పడిపోయారు. అంత గంభీరంగా ఉండే కరణం భార్య పైటచెంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతోంది. మామ ఇంకో లోటా అందుకున్నాడు, ఆయనకి మనుషుల మీద అమాంతం ప్రేమ పుట్టుకొచ్చింది. "మీరంతా నా వాళ్లప్పా! మీ దగ్గర దాపరికమేంది? నన్ను వాసన మామ అంటారు కదా? నాకు వాసనే తెలీదు! చలిజొరం వచ్చి పోయినప్పుడే ముక్కు పాయె. మిషన్ ఆస్పత్రిలో చూపించుకున్యా, ఇంగ రాదన్యారు. నేను వీధి మొగదాల నిలబడి గాలి పీల్చేది ఊరికే. మీ మొగాలు చూస్తా! యెవుని మొగం తెల్లబోతే ఆ ఇంట్లోకి పోతా!"

పందిరి కూలుతుందేమో అన్నంత నవ్వు. ఆ నవ్వులోకే నడిచొచ్చాడు జేజి తమ్ముడు, చేనినుంచి ఆలస్యంగా. ఈయన్ని ఊరు ఇటలీ మామ అనేది. యుద్ధంలో వంతెనలు కట్టే పటాలంలో చేరి ఇటలీ దాకా పోయొచ్చాడు. అక్కడొక ముసలామె తన ఇంటికింది కొట్లోంచి తీసి, ద్రాక్షపండ్ల సారాయి పోసిందనీ, అది తెల్లగా, తీపి లేకుండా, పూలవాసన వేస్తుందనీ చెప్పేవాడు. వచ్చిననాటినుంచీ ఊళ్లో ఒక్కడూ నమ్మలేదు. "ద్రాక్షతో సారాయంట! తీపి లేదంట! కంపు గూడా కొట్టదంట! చెప్పు మామా, ఇంగా చెప్పు" అని ఏడిపించేవాళ్లు. పాపం, ఆ కథ చెప్పడమే మానుకున్నాడు.

ఆయనకీ ఒక లోటా ఇచ్చాను. ఒక గుక్క తాగాడు. ఆగిపోయాడు. లోటా వంక చూశాడు, తలెత్తి పందిరి వంక చూశాడు. ఇంకో గుక్క. ఆ పెద్దమనిషి కళ్లలోంచి బొటబొటా నీళ్లు. "అక్కా!" అని అరిచాడు జేజి కేసి తిరిగి. "ఇదే! నేను చెప్తాండ్లా! ఇదే అక్కా! వీనో బియాంకో!"

నాకు ఆ ముక్క అర్థం కాలేదు (తెల్ల ద్రాక్షసారాయి అని ఆ తర్వాతెప్పుడో తెలిసింది) గానీ, "నేను చెప్తాండ్లా" అన్నది అర్థమైంది. బుస్సుబుస్సన్న జాడీ, జేజి నిద్ర, ఊగిపోతున్న కరణం భార్య, అన్నీ ఒక్కసారి వరసగా వచ్చి నా ముందు నిలబడ్డాయి. మద్యనిషేధ సభలో, సర్కారు పేరున, ఊరందరికీ తాగించాను. ఉద్యోగం పోతుంది, జైలుకి పంపుతారు, ప్రొద్దుటూరులో మా నాయన తలెత్తుకోలేడు.

"ఏంది సామీ ఆ మాట?" అడిగాడు మామ. ఇటలీ మామ నోరు తెరిచాడు. ఇన్నేళ్లు ఎగతాళి పడ్డ మనిషి, ఊరంతా ఎదురుగా ఉంది, ఒక్క మాట చాలు. నా వైపు చూశాడు. నోరు మూశాడు. మింగాడు. "ఏం లేదు సారూ. ఆ దేశంలో ద్రాక్షరసాన్ని అట్ల అంటారు" అన్నాడు.

కానీ మామ ఆయన్ని చూడటం లేదు. నా మొహం చూస్తున్నాడు. అంతా చదివేశాడు. మామ మొహంలో నవ్వు మెల్లగా ఆరిపోవడం, చేతిలోని లోటా వైపు చూసుకోవడం, అది ఎన్నోదో గుర్తు తెచ్చుకోలేకపోవడం నేనూ చదివాను. గొంతు సవరించుకున్నాడు.

"ఈ సర్బత్తు ఎండకి పాడైంది. ఇంగ ఎవురూ తాగొద్దండి."

"పాడైందా?" అంది జేజి. "నువ్వు లోటా మీద లోటా తాగినప్పుడు బాగానే ఉండె కదప్పా?"

మళ్లీ నవ్వులు. మామ ఎర్రబడి, బిందెలు తానే ఎత్తుకుని ద్రాక్షచెట్ల మొదళ్లకి పోయడానికి పోయాడు. ఇటలీ మామ వెనకే పోయి, "సారూ, ఈ లోటాలోది..." అన్నాడు బతిమాలుతూ. మామ వెనక్కి తిరగలేదు. "నేను ఈపక్క తిరిగి చెట్లకి పోస్తాండా. ఎనక ఏం జరిగేది నాకు కనపడదు. వాసన ఎట్లాగూ రాదు." ఇటలీ మామ కూసానికి ఆనుకుని, కళ్లు మూసుకుని, చివరి చుక్క దాకా మెల్లగా తాగాడు.

నా ఉద్యోగం పోలేదు. మూడో నెలలో చక్కెర వచ్చింది. ఊళ్లో ఎవరూ ఆ పానీయం పేరెత్తలేదు గానీ, ఇటలీ మామని అరుగు మీద కూచోబెట్టి "ఆ ముసలామె కథ చెప్పు మామా" అని అడిగి మరీ వినేవాళ్లు. తప్పు పోతే జేజి సరిదిద్దేది, తానే ఇటలీ పోయొచ్చినట్లు. కష్టమంతా మా మామకే వచ్చింది. ఆయన సైకిలు గంట వినపడితే చాలు, ఆ చుట్టుపక్కల ఊళ్లలో మగవాళ్లంతా తువ్వాళ్లు మొహానికి చుట్టుకుని కూచునేవాళ్లు, ఎండాకాలమైనా సరే. చాలా ఏళ్ల తర్వాత, తీపి లేని ద్రాక్షసారాయిని ఇంగ్లీషులో డ్రై అంటారని ఒక పుస్తకంలో చదివాను (నిషేధం ఉన్నందుకు అప్పట్లో మా జిల్లాని కూడా ఆ మాటే అనేవాళ్లు, చట్టం ప్రకారం తప్పేం చేశానో మీరే చెప్పండి). మరుసటేడు అదే కాయతో, అదే జాడీలో, ఈసారి తెలిసే ప్రయత్నించాను. పుల్లటి విషం వచ్చింది. అంత చక్కటిది చేయడానికి ఆ పాటి తెలివితక్కువతనం ఉండాలేమో, అది మళ్లీ తెచ్చుకుంటే రాలేదు.

సభ అయిన సాయంత్రం మా ఇంటికని నేనూ మామా ముద్దనూరు మీదుగా ప్రొద్దుటూరు పోయే బస్సెక్కాం. "మీ అమ్మకు చెప్పొద్దు" అన్నాడు. "ఏది మామా, ముక్కా, సర్బత్తా?" అన్నాను. "రెండూ" అని నా భుజం మీద తల వాల్చి గుర్రు పెట్టాడు. కిటికీలోంచి వేడిగాలి, కోసేసిన జొన్నచేలు, దూరంగా ఎర్రటి కొండలు. నాకు ఎందుకో నవ్వు ఆగడం లేదు. కండక్టరు వచ్చి "ఏమ్మా, ఊరికే నవ్వుతాండావు?" అంటే ఇంకా ఎక్కువైంది. ఇప్పుడు నాకు మనవరాళ్లున్నారు, మోకాళ్ల నొప్పులున్నాయి, ఎదుటివాళ్లకి బుద్ధులు చెప్పే అలవాటూ ఉంది. కానీ ఆ బస్సులో ఆ పిల్ల ఎదురైతే ఒక్క ముక్క చెప్పను. పక్కన కొంచెం జరగమని, ఆ కిటికీ గాలి మొహానికి తగిలేట్టు కూచుని, ప్రొద్దుటూరు దాకా ఆమెతో కలిసి ఊరికే నవ్వుకుంటా పోతాను.