నోట్లో వాసన లేని మనిషి

మా తమ్ముడి కూతురి చెయ్యి విరిగినందుకు పెట్టిన పంచాయితీలో పెద్దమనుషులు మొదట చేసిన పని ఆమె భర్త నోరు వాసన చూడడం. ఏన్కూరు దగ్గర మా ఊళ్లో అదే పద్ధతి. పెళ్లాన్ని కొట్టినవాడు తాగి ఉంటే తప్పు సారా మీదికి పోతుంది. మత్తు దిగాక నాలుగు తిట్లు తిట్టి పంపుతారు. తాగకుండా కొట్టాడంటే మాత్రం అందరి కళ్లూ ఆడమనిషి వైపు తిరుగుతాయి.

మా అల్లుడు సత్తుపల్లి వైపు బొగ్గు లారీ తోలేవాడు. రిటైరయ్యే దాకా నేను అలాంటి లారీలను తూచే కాంటా దగ్గర గుమస్తాను. అతను తాగుబోతని ఇంటిల్లిపాదికీ తెలుసు. కిందటేడు వానలు మొదలయ్యాక తాగుడు మానేశాడు. డ్యూటీ నుంచి వచ్చి గిన్నెలు తోమేవాడు. పక్కింటి ముసలమ్మకు నీళ్లు మోసేవాడు. అడగనివాళ్లకు కూడా బట్టలు కొనేవాడు. ప్రార్థనా మందిరంలో తను మారిన సంగతి సాక్ష్యం చెప్పమంటే ఏడుస్తూ, నవ్వుతూ, ఆపకుండా చెప్పాడు. పాస్టరుగారు వాచీ చూసుకోవలసి వచ్చింది. ఆ రోజు డైరీలో 'అల్లుడు మనిషయ్యాడు' అని రాసుకున్నాను.

క్రమంగా తిండి తగ్గింది, నిద్ర పోయింది. నోట్లో ఏమీ లేకుండానే నములుతున్నట్టు దవడలు ఆడించేవాడు. చలికాలం వచ్చేసరికి ఆ ప్రేమంతా అనుమానమైంది. ఆమె నవ్వితే ఎవరిని చూసి నవ్వావనేవాడు, నవ్వకపోతే ఎవరి మీద బెంగ అనేవాడు. అటక మీద ఎవడో ఉన్నాడని ఒక మధ్యాహ్నం ఇంటి కప్పెక్కి పెంకులు పీకి వాకిట్లోకి విసిరాడు. దిగివచ్చి, ఆ పెంకులు ఏరుతున్న ఆమె చేతి మీద టైర్లు విప్పే ఇనుప రాడ్డుతో కొట్టాడు. అరుపు విని నేను వెళ్లేసరికి ఆమె నేల మీద ఉంది. అతను పక్కన గొంతుక్కూర్చుని, విరిగిన చోటే నొక్కుతూ, ఎంతో ఓపికగా అడుగుతున్నాడు: "పేరు చెప్పు. ఒక్క పేరు చెప్పు, ఇడిసిపెడ్త."

కట్టు కట్టించుకొచ్చాక మందిరం వెనక రేకుల షెడ్డులో పంచాయితీ పెట్టారు. ఆమెను అతనితో పంపాలా వద్దా అన్నదే తేల్చాలి. సంఘం పెద్ద లేచి అతని మూతి దగ్గర ముక్కు పెట్టాడు.

"వాసన లేదు. సుక్క ముట్టలే."

"నేను చెప్పలే తాతా? నేను మారిన మనిషిని."

పెద్ద ఆమె వైపు తిరిగాడు. "తాగకుండ గింత పని జేసిండంటే ఏదో ఉండే ఉంటది. ఏం జూసిండు బిడ్డా నీ ఇంట్ల?"

"ఏం లేదు తాతా. పెంకులు ఏరుతున్న."

"ఊకెనే ఎవడన్న కొడ్తడా?"

మా మరదలు, పిల్ల తల్లి, ఊరుకోలేదు. "ఊకెనే కొట్టేటోళ్లు గీ షెడ్డుల్నే నలుగురున్నరు. ఆళ్ల మూతులు గూడ వాసన జూడుండ్రి."

కొందరు నవ్వారు. అల్లుడు మాత్రం కన్నీళ్లతో, ఎక్కడా తడబడకుండా, ఆమె తప్పులు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాడు. వింటుంటే నాకే ఒక క్షణం నిజమనిపించింది.

"ఆయనకు నిద్ర లేదు, తిండి లేదు. ముందు దవాఖానాకు తీస్కపోదాం," అన్నాను.

"ఎద్దు లెక్కున్నడు. దవాఖానా ఎందుకయ్యా?" అన్నాడు పెద్ద.

ఆమె క్షమాపణ అడిగి అతని వెంట వెళ్లాలని తీర్పు. ఆమె లేవలేదు. సంఘం పెద్ద సంతోషంగా వెనక నుంచి అల్లుడి భుజం తట్టాడు. "పో బిడ్డా, నీ పెండ్లాన్ని తీస్కపో."

అల్లుడు గిర్రున తిరిగాడు. "అటక మీద నువ్వేనా?" అంటూ ఇనుప కుర్చీ ఎత్తి పెద్దాయన ముఖం మీద కొట్టాడు. మరో దెబ్బకు దవడ పక్కకు జరిగింది. రక్తంతో పాటు పళ్లు సిమెంటు నేల మీద పడ్డాయి. పడినవాణ్ణి కూడా వదల్లేదు. పట్టుకోబోయిన ఒకతని చెవి కొరికాడు. అందరం మీద పడి తాళ్లతో కట్టేస్తుంటే అల్లుడి జేబులోంచి కాగితంలో చుట్టిన మందు గోళీలు రాలాయి.

"నిద్ర రాకుండ ఏస్కుంటరు," అన్నాడు అతనితో లారీ తోలే డ్రైవరు. "ఇంకో ట్రిప్పు కొట్టొచ్చని. ఈయన అన్నం మానేసి అవే తింటుండు."

ఖమ్మం దవాఖానాలో డాక్టరు వివరించాడు. ఆ గోళీ మొదట్లో మాటను, ప్రేమను, ధైర్యాన్ని పొంగిస్తుందట. వాడగా వాడగా భయం పుట్టిస్తుందట. ఆ భయానికి కారకులెవరో తినేవాడే వెతికి పెట్టుకుంటాడట. గోళీలు ఆగాక అతను రోజుల తరబడి పడుకున్నాడు, లేచి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. ఊళ్లో ఆ తీర్పును మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చెప్పినాయన దవడను తీగలతో బిగించి ఉంచారు.

ఆమె ఇప్పుడు భద్రాచలంలో ఒక హాస్టల్లో వంట చేస్తోంది. చెయ్యి వంకరగా అతుక్కుంది. ఈ వేసవిలో అల్లుడు నా దగ్గరికి వచ్చి బతిమాలితే వెంట తీసుకెళ్లాను. అతను గేటు దగ్గర ఆగాడు. నేను వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లాను.

"గోళీలు మానిండు బిడ్డా. వస్తవా అని అడుగుతుండు."

"తాగి కొట్టినప్పుడు తెల్లారి 'నాకేం గుర్తులేదు' అనేటోడు పెద్దనాయనా. నేను గూడ నమ్మేదాన్ని. ఇది గుర్తుందా, లేదా? అడిగి రా."

అడిగాను. అతను తల దించుకునే చెప్పాడు. "మొత్తం గుర్తుంది మామా. కొడుతుంటే తప్పనిపియ్యలే. నేనే న్యాయం చేస్తున్న అనిపిచ్చింది."

ఒక్క మాట మార్చకుండా ఆమెకు చెప్పాను. బాగున్న చేత్తో గరిటె పట్టుకుని పప్పు కలుపుతూనే ఉంది.

"నిజమే చెప్పిండు. ఆయన్ని బస్సెక్కియ్యి పెద్దనాయనా."

అతన్ని బస్టాండు వైపు నడిపించుకుపోయాను.