ఎడమవైపు నీలిమందు

నా రాతలో తప్పులుంటే మన్నించండి. ఐదో తరగతితో బడి మానేశాను, అక్షరాలు వంకరగా వస్తాయి. ఇల్లందులో మన పళ్ల డాక్టరమ్మ పోయిన సోమవారం చనిపోయారని తెలిసినప్పటి నుంచి చేతికి ఏ పనీ అంటడం లేదు. ఆమె జ్ఞాపకాలు పుస్తకంగా వేస్తామని, ఎరిగినవాళ్లంతా రాసి పంపమని చర్చిలో చెప్పారు. మూడుసార్లు రాసి చింపేశాను.

పెళ్లయిన ఏడాదికే నా చిగుళ్ల నుంచి నెత్తురు రావడం మొదలైంది. మా ఆయనతో కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడేదాన్ని. డాక్టరమ్మ ముందు కూర్చుని కూడా కొంగు తియ్యలేదు.

"ఏంది బిడ్డా, మందు కొంగుకెయ్యాల్నా, చిగుళ్లకెయ్యాల్నా?" అన్నారు. నవ్వొచ్చి నోరు తెరిచాను.

చిన్న అద్దాన్ని నోట్లో పెట్టే ముందు అరచేతిలో పట్టుకుని వెచ్చబరిచేవారు. తలుపుకు పరదా లాగేవారు. నోరు తెరిచిన మనిషిని ఇంకొకరు చూడకూడదనేవారు.

పళ్ల గార తీశాక, కొత్తగా తెప్పించిన మిషన్‌తో వైద్యం మొదలుపెట్టారు. చిగుళ్ల సందుల్లో నీలిమందు పెట్టి, అది పట్టాక సన్నని కడ్డీతో ఎర్రని వెలుగు చూపించేవారు. మందు క్రిములకు అంటుకుంటుందట, దాని మీద వెలుగు పడితే అవి చస్తాయట. "గిది మంత్రం గాదు బిడ్డా. రోజు తోముకోకుంటే ఏ వెలుగు గూడ నిన్ను కాపాడదు" అనేవారు.

ముందు కుడివైపు చేశారు, అక్కడ నెత్తురు ఆగింది. ఎడమవైపు చేసే రోజు, నీలిమందు పెట్టగానే కరెంటు పోయింది. "కరెంటు వచ్చేదాక ఉమ్మకు, పుక్కిలించకు" అని చెప్పి ఆమె పక్క గదిలోకి వెళ్లారు. నేను బయటికొచ్చి, తోడొచ్చిన మా అత్తమ్మ పక్కన కూర్చున్నాను.

"ఏందే గా మూతి! నేరేడుపండ్లు మెక్కినట్టున్నవ్. బస్సుల అందరు నవ్వుతరు. జల్దీ కడుక్కో పో" అన్నది అత్తమ్మ.

వెనక కుళాయి దగ్గర వేలితో రుద్ది రుద్ది కడిగాను.

కరెంటు వచ్చింది. డాక్టరమ్మ నా నోట్లోకి చూసి ఆగారు. "ఉమ్మినవా బిడ్డా?"

లేదని తల ఊపాను. నమ్మారు. వెలుగు పెట్టారు.

ఎడమవైపు మానలేదు. ఒక పన్ను కదిలి ఊడింది. "నువ్వు జెప్పినట్టే చేసినవ్ గద. లోపం నా వైద్యంలనే ఉన్నది" అని, నా ముందే తన నోట్‌బుక్కులో రాసుకున్నారు. ఆ తర్వాత ఎవరికీ ఆ వెలుగు పెట్టలేదు. చండ్రుగొండ అవతలి అడవి ఊళ్ల నుంచి చిగుళ్లు వాచి వచ్చిన ఆడవాళ్లు అడిగితే, "పెడ్దునే గని, నాకే నమ్మకం కుదుర్తలేదు" అనేవారు. మిషన్ మీద తెల్లగుడ్డ కప్పి ఉండేది. దాన్ని చూసిన ప్రతిసారీ చెప్పేద్దామనుకున్నాను. అట్లా మూడేళ్లు గడిచాయి. పోయిన నెల కూడా గుమ్మం దాకా వెళ్లి, పరదా పట్టుకుని నిలబడి, వెనక్కి వచ్చాను.

ఇప్పుడు ఆమె సామాను సర్దుతున్నారట. పనికిరాని మిషన్ అనుకుని పారేయకండి. ఆ నోట్‌బుక్కు ఎవరి దగ్గరుందో వాళ్లు, ఎడమవైపు మానలేదని ఆమె రాసుకున్న నా పేజీలో ఒక్క మాట రాయండి: మందు కడిగేసింది నేనే.

కుడివైపు చేసిన రోజు ఆమె నా చేతికి అద్దం ఇచ్చి చూసుకోమన్నారు. పెదవులు నీలంగా ఉన్నాయి, బుగ్గ లోపలి నుంచి ఎర్రగా వెలుగుతోంది. నా నోరు చూసి నేను సిగ్గుపడనిది ఆ ఒక్కరోజే.

నా చేతిరాత మా ఆయన గుర్తుపడతాడు, ఇది మా ఇంట్లో తెలియకూడదు. ఆ మిషన్ మీది గుడ్డ తీశాక ఈ కాగితం కాల్చేయండి.