కదలిక లేని వేళ కొలిచిన ఊరు

రోహిణి కార్తె, రెండవ బుధవారం: కొలతల కోసం మా వీధిని మధ్యాహ్నం దాకా ఖాళీ చేయించారు.
మృగశిర కార్తె, మొదటి శనివారం: మళ్ళీ వస్తామన్నవారు రాలేదు.
మఖ కార్తె, చివరి శుక్రవారం: ఊరికి రెండవ సెల్ టవరు అక్కరలేదని కాగితం వచ్చింది.
హస్త కార్తె, సోమవారం: మా వదిన రేషన్ బియ్యం లేకుండా తిరిగివచ్చింది.

ఇవి నా వాన పుస్తకంలోనివి. కంబదూరు దగ్గరి మా మెట్ట ఊళ్ళో వాన పడినా పడకపోయినా ఏ రోజుకారోజు రాసిపెడతాను. ఆ అలవాటు విని, సెల్ సిగ్నల్ కొలవడానికి వచ్చిన బృందం నన్ను రాతపనికి పిలిచింది.

ఎక్కువ యాంటెన్నాలతో పనిచేసే టవరు పెట్టాలంటే సిగ్నల్ ఎన్ని దారుల్లో వస్తుందో ముందు తెలియాలి. నేరుగా వచ్చేది ఒకటి, గుట్టను తాకి వచ్చేది ఒకటి, రేకుల కప్పును తాకి వచ్చేది మరొకటి. వారి దగ్గర ఉన్నది ఒకటే యాంటెన్నా. దాన్ని పొడవాటి ఇనుప పట్టా మీద కొద్దికొద్దిగా జరుపుతూ, ఆపిన ప్రతిచోటా కొలిచి, అన్నిచోట్లా యాంటెన్నాలు ఉన్నట్టు లెక్కకట్టారు. అది ముగిసేదాకా చుట్టూ ఏదీ కదలకూడదు. అందుకే గొర్రెలను గుట్ట అవతలికి తోలించారు, జనాన్ని ఇళ్ళలో ఉండమన్నారు. ప్రతి వరుసలో "కదలిక లేదు" అని రాసి, పుట కింద సంతకం పెట్టాను. రాసింది అబద్ధం కాదు.

జనం తిరిగేటప్పుడు కొలవరా అని ఇంజనీరును అడిగాను. అన్ని యాంటెన్నాలూ ఒకేసారి పనిచేసే పరికరం కావాలని, శనివారం తెస్తామని చెప్పాడు. తేలేదు. ఉన్న టవరే చాలునన్న కాగితానికి సాక్ష్యంగా నా పుటనే జతచేశారు.

రేషన్ దుకాణం ముందు జనం చేరగానే వేలిముద్ర యంత్రానికి సిగ్నల్ అందదు. డీలరు దాన్ని గుట్ట మీదికి తీసుకుపోతాడు; అక్కడికెక్కి వేలిముద్ర వేస్తేనే బియ్యం. మోకాళ్ళు అరిగిన మా వదిన (చనిపోయిన మా అన్న భార్య) ఆ రోజు సగం దూరం ఎక్కి దిగివచ్చి, ఖాళీ సంచి మా అరుగు మీద పెట్టింది.

"గొర్రెల్ని తోలినారు, మమ్మల్ని ఇండ్లల్లో పెట్టి తలుపులేసినారు. మీరు కొలిచింది ఊరినా, వల్లకాటినా అప్పా?"

కాగితానికి జతచేసిన పుటలో సంతకం నాదేనని చెప్పి, మా ఇంటి బియ్యం తీసుకోమన్నాను.

"ఈపొద్దు నువ్వు పెడతావు. నా కార్డు బియ్యం యాడికి పోయినట్టు?" అని సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

కావున కొలతల విభాగాధికారిగారిని అడుగుతున్నాను. బియ్యం పంచే రోజున, జనం వరుసలో నిలబడి ఉండగా, మా వీధిని మళ్ళీ కొలుస్తారా? కొలవని పక్షంలో కారణమేమి? వీధి ఖాళీగా ఉన్నప్పటి పుటను జనం ఉన్నప్పటి అవసరానికి సాక్ష్యంగా వాడమని ఎవరు ఆదేశించారు? ఈ మూడు ప్రశ్నలకూ వచ్చే నెల బియ్యం పంపిణీకి ముందే, బాధ్యుడైన అధికారి సంతకంతో, ముద్రతో లిఖితపూర్వకమైన జవాబు పంపవలసినదిగా కోరుతున్నాను. నోటిమాటను జవాబుగా స్వీకరించను.