జగదల్‌పూర్‌లో ఎక్కించిన ఏడు కేసెట్లు

ఇప్పుడు ఆ పాటల్ని పాత బంగారం అంటున్నారు. ఫోన్‌లో ఏ వీడియో తెరిచినా ఎవరో ఒకరు గిటార్ పట్టుకుని, ఈ ఆల్బమ్ వచ్చి ఇరవై ఏళ్లు దాటింది, మన వయసంతా ఇందులోనే ఉంది అని కళ్లు తుడుచుకుంటున్నారు. నేను మాత్రం ఆ రాక్ పాటల్ని ఇప్పటికీ అనుమానంగానే వింటాను. అవి నాకు నిజంగా నచ్చాయా, లేక నా పక్క మంచం పిల్లకు నచ్చాయి కాబట్టి నచ్చినట్టు నటించానా అన్నది ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.

మాది సరిహద్దు ఊరు కోంట. నాన్నకు బట్టల దుకాణం. ఇంట్లో తెలుగు, దుకాణంలో అడవి పల్లెలవాళ్ల దోర్లీ, బడిలో హిందీ. ఇంగ్లీషుకు మా ఇంట్లో ఎక్కడా చోటు లేదు. డిగ్రీకి జగదల్‌పూర్ వెళ్లి హాస్టల్‌లో చేరితే, నా గదిలోకి బైలాడిలా గనుల టౌన్‌షిప్ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ల పెద్దవాళ్లది విజయనగరం వైపు. నేను ‘ఏంది’ అంటే తను ‘ఏటి’ అనేది. మేమిద్దరం మాట్లాడేది ఒకే భాష అంటే హాస్టల్‌లో ఎవరూ నమ్మేవారు కాదు.

వాళ్ల అన్నయ్య విశాఖపట్నంలో ఇంజినీరింగ్ చదివేవాడు. సెలవులకు రైల్లో ఇంటికి పోతూ జగదల్‌పూర్‌లో దిగి చెల్లెలికి సీడీలు ఇచ్చిపోయేవాడు. మా దగ్గర సీడీ వేసే మిషన్ లేదు, తన వాక్‌మన్ ఒక్కటే ఉంది. అందుకని బజార్లో ఒక రికార్డింగ్ దుకాణానికి వెళ్లి, ఖాళీ కేసెట్లలోకి ఆ పాటలు ఎక్కించుకునేవాళ్లం. దుకాణం ఆయన ముసలాయన, చెవికి మిషన్ పెట్టుకునేవాడు. కేసెట్ అట్ట మీద పేర్లు రాయడు, బాల్‌పెన్నుతో ఒక నంబరు వేసి ఇచ్చేస్తాడు. టేపు అయిపోతే చివరి పాట మధ్యలోనే తెగిపోయేది. మంచి పాటలు కావాలనే వదిలేస్తున్నాడని నాకొక అనుమానం.

ఆ పాటలు దాదాపు అన్నీ ఒకే తీరు. మొదట గిటార్ మీద రెండు మూడు స్వరాలు, పక్కింట్లో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా. తర్వాత ఒక్కసారిగా డ్రమ్ములు, అరుపులు. ఒకడు పాడుతుంటే ఇంకొకడు గుక్క తిప్పుకోకుండా మాట్లాడేవాడు. అందరికీ వాళ్ల నాన్నల మీద కోపమని, వాళ్ల మీద వాళ్లకే కోపమని తను నాకు విడమరిచి చెప్పేది. నేను అన్నీ తెలిసినట్టు తలాడించేదాన్ని. ఒకరోజు మెస్‌లో నలుగురి ముందు, “ఆ మూడో పాటలో ఆడు ఏటంటున్నాడో చెప్పు చూద్దాం” అంది. నాకు తోచిందేదో చెప్పాను. తను పడీ పడీ నవ్వి, “నీకొక్క ముక్క కూడా అర్థం అవలేదే!” అంది. నేను రెండు రోజులు మాట్లాడలేదు.

మూడో రోజు నేను దీపావళికి ఇంటికి బయల్దేరాను. తనే వచ్చి, ఏడు కేసెట్లనూ వాక్‌మన్‌నూ నా తువ్వాలులో చుట్టి సంచి అడుగున పెట్టింది. “అక్కడ నీకు పొద్దుపోదు, ఇను” అంది. రాజీకి వచ్చిందనుకున్నాను.

బస్సు సుక్మా దాటింది, దోర్నపాల్ దాటింది. కోంట ఇంకా కొంత దూరం ఉందనగా పోలీసు చెక్‌పోస్టు నాకా దగ్గర ఆపారు. ఆపడం కొత్త కాదు. మామూలుగా అందర్నీ దింపి, అన్ని సంచులూ విప్పించేవారు. ఆ రోజు ఎవర్నీ దింపలేదు. ఒక హెడ్‌కానిస్టేబుల్ బస్సెక్కి, ఒక్కసారి అటూ ఇటూ చూసి, నేరుగా నా సీటు దగ్గరికి వచ్చాడు. బట్టల దుకాణం వాళ్లమ్మాయివి కదా అని హిందీలో అడిగాడు. నా సంచి తెరిచి, పైనున్న బట్టలు ముట్టుకోకుండా, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి తువ్వాలు బయటికి తీశాడు.

ఎక్కడ ఏముందో అతనికి ముందే తెలుసని నాకు ఆ క్షణమే అర్థమైంది.

“ఈ నంబర్లేమిటి?” అన్నాడు.

“పాటలు సార్. ఇంగ్లీషు పాటలు.”

ఒక కేసెట్ తీసి డ్రైవర్‌కిచ్చాడు. డ్రైవర్ తన భజనల కేసెట్ తీసి మాది పెట్టాడు. అది ఏ పాట మధ్యలో ఆగి ఉందో ఏమో, పెట్టీపెట్టగానే బస్సంతా అదిరేటట్టు అరుపు. అంగడి నుంచి బుట్టలతో వస్తున్న దోర్ల ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. హెడ్డు నావైపు వంగి, “క్యా బోల్ రహా హై?” అన్నాడు. వీడేమంటున్నాడు అని.

బస్సులో అందరూ నన్నే చూస్తున్నారు. నిజం చెప్తే నాకు తెలియదని చెప్పాలి. తెలియకుండా ఏడు కేసెట్లు ఎందుకు మోస్తున్నావంటే? “ఇల్లు గుర్తొస్తోందట సార్. అమ్మను తల్చుకుంటున్నాడు” అన్నాను.

పాటలోవాడు గొంతు చించుకుని మళ్లీ అరిచాడు.

“అమ్మను తల్చుకుంటే ఇలా అరుస్తారా?”

వెనక సీట్లో ఒక ముసలమ్మ, నేనేమన్నానో పక్కామెనడిగి తెలుసుకుని, “సచ్చిపోయిందేమో, పాపం” అంది. ఆమెకు నేను ఈ జన్మకు రుణపడి ఉన్నాను. హెడ్డు కూడా కాస్త మెత్తబడినట్టే కనిపించాడు. ఇంతలో పాట సగంలో తెగిపోయింది. కాసేపు గరగర. తర్వాత ఎవరో మగగొంతు హిందీలో, “ఠీక్ హై, యహా తక్ ఠీక్ హై” అంది. ఇంతవరకు బాగానే ఉంది అని.

హెడ్డు ముఖం మారిపోయింది. “ఎవరిది ఆ గొంతు?”

“రికార్డింగ్ దుకాణం ఆయనది సార్. మిషన్ సరిగా ఉందో లేదో చూసుకుంటాడు.”

నమ్మలేదు. ఏడు కేసెట్లూ తీసుకుని, జాంచ్ చేసి, అంటే పరీక్షించి చూసి, పంపిస్తామని దిగిపోయాడు.

ఇంటికి వచ్చి ఏడుస్తూ చెప్తే నాన్న తల ఎత్తలేదు. “వాళ్ల డ్యూటీ వాళ్లది బిడ్డా. తెప్పిస్త లే” అన్నాడు. ఇంకొకరి కూతురి సంచి తెరిచారంటేనే ఠాణా దాకా పోయి అడిగే మనిషి. అంత చల్లగా ఎందుకున్నాడో అనిపించింది. కానీ పద్దెనిమిదేళ్ల పిల్ల మొదటి అనుమానం తండ్రి మీదికి పోదు. నా అనుమానమంతా సంచి సర్దినదాని మీదికే పోయింది. ఏది ఎక్కడుందో దానికొక్కదానికే తెలుసు. రెండు రోజుల ముందే నలుగురిలో నా పరువు తీసింది. దానంతటది వచ్చి కేసెట్లు పెట్టింది. వాళ్ల చిన్నాన్నకు పోలీసుల్లో తెలిసినవాళ్లున్నారని ఎప్పుడో అన్నది కూడా గుర్తొచ్చింది. కూడదీసుకుంటే ఏ అనుమానానికైనా సాక్ష్యాలు దొరుకుతాయి.

నేను తిరిగి వెళ్లే ముందురోజు నాన్న కేసెట్లు తెచ్చి ఇచ్చాడు. అన్నీ మొదటికి తిప్పి, నంబర్ల వరసలో పేర్చి, దినపత్రికలో చుట్టి ఉన్నాయి. పోలీసులు ఇంత పద్ధతిగా ఉంటారా అనుకున్నాను. అంతకన్నా ఆలోచించలేదు.

హాస్టల్‌కు రాగానే వార్డెన్‌నడిగి గది మారిపోయాను. తను తలుపు దగ్గర నిలబడి, “ఏటైందే నీకు? నేనేటి చేశాను?” అంది. “నీకు తెలియదా?” అన్నాను. తను ఒక్కసారి తల దించుకుంది. ఆ తల దించుకోవడమే నాకు చాలనిపించింది. వాక్‌మన్‌నూ కేసెట్లనూ వేరే అమ్మాయి చేత పంపించేశాను. డిగ్రీ అయ్యేదాకా ఒకే మెస్‌లో, వేర్వేరు బల్లల మీద తిన్నాం.

పోయిన వేసవి సెలవులకు నేను కోంట వచ్చాను. జగదల్‌పూర్‌లోనే టీచర్‌గా చేస్తున్నాను. దుకాణం తమ్ముడు చూసుకుంటున్నాడు. ఒక పొద్దున వరండాలో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, ఆ పాత ఆల్బమ్‌లలో ఒకటి ఫోన్‌లో పెట్టాను. నాన్న పక్కనే కుర్చీలో పేపర్ చదువుతున్నాడు. పాట మంచి అరుపుల్లో ఉండగా, పేపర్ మీంచి కళ్లెత్తకుండా, “ఆగు, ఇప్పుడు మెల్లగయితది” అన్నాడు.

మెల్లగా అయింది.

“మళ్ల మొదలుపెడ్తడు సూడు, గొంతు చించుకుంట.”

నా చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. “నాన్నా, ఈ పాట నీకెట్ల తెలుసు?”

పేపర్ మడిచాడు. తర్వాత చెప్పాడు. “ఆ హెడ్డుకు నేనే చెప్పిన. అప్పట్ల మన దుకాణంల గిరాకీ ఆయన. అంతకుముందు సెలవులకొచ్చినప్పుడు నువ్వు నీ దోస్తు వాక్‌మన్ చెవుల్ల పెట్టుకొని నీలో నువ్వు నవ్వుకుంటుంటివి. ఎవడో పోరడు మాటలు రికార్డు చేసి పంపుతున్నడనుకున్న. కేసెట్లు ఎక్కడున్నా తియ్యుమన్న. సంచి అడుగున దాస్తది, పోయినసారి గూడ అట్లనే దాచింది అని చెప్పిన.”

“అవి ఠాణాలో లేవా?”

“మన దుకాణంలనే ఉన్నయి. మధ్యాహ్నం షట్టరు దించి కూసుండి విన్న. రోజుకు రెండు. అన్నీ రెండుసార్లు విన్న. పాటల నడుమ ఎవడన్న మాట్లాడుతడేమో అని.” పేపర్‌ను ఇంకో మడత పెట్టి, “ఒకడు మాట్లాడిండు. వాడెవడో సూద్దామని జగదల్‌పూర్ పోయిన. పోతే ముసలాయన. నేనేం అడిగినా ఠీక్ హై, ఠీక్ హై అంటడు. ఆయనకు నా మాట వినపడ్తలేదు” అన్నాడు.

నవ్వాలో అరవాలో తెలియలేదు. “ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?”

“ఏమని చెప్పాలె? కన్నబిడ్డను నమ్మలే అని చెప్పాలెనా?” గొంతు తగ్గించాడు. “ఎవడన్న పోరడున్నడా అని నీ దోస్తును గూడ అడిగిన, అంతకు ముందే హాస్టల్‌కు ఫోన్ చేసి. నీకు చెప్పొద్దన్న. ఆ పిల్ల నన్నే గదిమింది. మీ అమ్మాయి మీద మీకే నమ్మకం లేదేటండీ అన్నది.”

తను తల ఎందుకు దించుకుందో నాకు అప్పుడు తెలిసింది.

పాత క్లాస్‌మేట్ల గ్రూపులో నంబరు దొరకడానికి వారం పట్టింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తి, “ఏ బ్యాంకండీ?” అంది. నేనెవరో చెప్పాను. “రుజువేటి?” అంది. మా గది కిటికీకి గడియ లేదని, తువ్వాలు ముక్కతో కట్టేవాళ్లమని చెప్పాను. అప్పుడు నమ్మింది. జరిగిందంతా చెప్పాను. అయ్యాక, “మీ నాన్నగారు ఫోన్ చేసిన సంగతి నీకు తెలిసిపోయిందనుకున్నాను. దాచానని కోపమనుకున్నాను” అంది. మళ్లీ తనే, “పోలీసులకు చెప్పింది నేననుకున్నావా?” అంది. ఔనన్నాను. ఫోన్ పెట్టేసింది.

మళ్లీ చేయదనుకున్నాను. చలికాలం మొదట్లో, టౌన్‌షిప్‌లో చుట్టాల ఇంటికి పోతున్నామని, రైలు జగదల్‌పూర్‌లో ఆగుతుందని మెసేజ్ పెట్టింది. రమ్మనలేదు. అయినా స్టేషన్‌కు వెళ్లాను. తను బోగీ మెట్లు దిగి, నా ముందు నిలబడి, “ఒక్కటి చెప్పు. ఆ రోజే నన్ను ఎందుకు అడగలేదు?” అంది.

“అడిగితే అబద్ధం చెప్తావనుకున్నా.”

“చెప్పేదాన్నేమో. మీ నాన్నగారికి మాటిచ్చాను మరి.” కళ్లనిండా నీళ్లు పెట్టుకుని నవ్వింది. ఇద్దరం ప్లాట్‌ఫాం మీద నిలబడి కాగితం కప్పుల్లో టీ తాగాం. రైలు కూత వేసింది.

ఇప్పుడు ఆదివారాలు మాట్లాడుకుంటాం. పాత చనువు రాలేదు, వస్తుందో లేదో తెలియదు. మొన్న తన కొడుకు చదువు గురించి చెప్తూ చెప్తూ ఉన్నట్టుండి మాట ఆపేసింది. నాలో పాత పురుగు కదిలింది. నాకు తెలియకూడనిదేదో ఉంది, అందుకే ఆపింది అనుకున్నాను. ఈసారి మనసులో పెట్టుకోకుండా అడిగేశాను.

“ఏం దాస్తున్నవే నా దగ్గర?”

“పాలు పొంగిపోతన్నాయే, ఉండు!” అని అటువైపు నుంచి అరిచింది.