మా తమ్ముడి మాంటేజ్ అరెస్టు

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఆ రోజుల్లో మా జగిత్యాల దిక్కున రోడ్డెక్కనివాడు లేడు. పొద్దున రాస్తారోకో, మధ్యాహ్నం ఆ రోడ్డు మీదనే వంటావార్పు. నాకేమో ఉద్యమం కంటే ముందే సినిమా పిచ్చి పట్టింది. ఓ షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు మొదలుపెట్టి, ఎక్కడ సీను కుదరకపోతే అక్కడ 'మాంటేజ్' అని రాసి పడేశాను. (మాటలుండవు, వెనక పాట నడుస్తుంటుంది, ముందు ముక్కలు ముక్కలుగా హీరో ఎదిగిపోతుంటాడు. రాసేవాడికి ఇంతకంటే సుఖమేముంది?) 'హీరో కదులుతాడు, జనం కదులుతారు, పోలీసులు పట్టుకుపోతారు' అని ఒక్క వాక్యంలో ఊళ్లకు ఊళ్లు కదిలించేశాను.

హీరో మా చిన్నమ్మ కొడుకు. దుబాయ్ వీసా కోసం ఎదురుచూస్తూ మా దిక్కునే ఉన్న ఇబ్రహీంపట్నంలో ఖాళీగా ఉన్నాడు. కెమెరా, కోరుట్లలో పెళ్లి వీడియోలు తీసే భాయ్‌ది. ఆయన నా కాగితం చూసి, "అరే, రాసుడు ఒక్క లైన్ రాసినవ్, గింతమంది పబ్లిక్‌ను ఏడికెళ్లి తెస్తవ్?" అన్నాడు. "తెచ్చుడెందుకు భాయ్, రోడ్డు మీదనే ఉన్నరు గదా!" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

అట్లా కోరుట్లలో నిజమైన ర్యాలీ ముందు మావాణ్ని నిలబెట్టాం. భాయ్ కెమెరా ఆన్ చేశాడో లేదో, పోలీసులు దిగారు. ముందున్నవాడే నాయకుడనుకొని మావాణ్నే మొదట పట్టుకున్నారు. కేసయితే పాస్‌పోర్టు ఆగుతుంది, దుబాయ్ పోతుంది. వాడు చేతులు రెండూ పైకెత్తి, "నేను యాక్టింగ్ చేస్తున్న సార్! నీ కాల్మొక్త, కేసు పెట్టకు సార్!" అని మొత్తుకున్నాడు. "అందరు గదే అంటరు, ఎక్కు బండి" అన్నాడు కానిస్టేబుల్. భాయ్ మాత్రం కెమెరా దించలేదు. (అప్పగింతలు తీసీ తీసీ, ఏడుపు కనబడితే ఆయన చెయ్యి ఆగదు.) నేను వ్యాను వెంట పరిగెత్తుతూ "వాడు ఉద్యమకారుడు కాదు సార్!" అని అరిస్తే, ర్యాలీవాళ్లు నన్ను ఉద్యమద్రోహి అనుకొని కొట్టడానికొచ్చారు.

సాయంత్రానికి కేసు లేకుండానే అందర్నీ వదిలేశారు. వాడు దుబాయ్ పోయాడు, సినిమా అటకెక్కింది. మిగిలింది ఆ ఒక్క ముక్క. దానికి భాయ్ ఓ ఉద్యమ పాట అంటించాడు గానీ, అసలు చప్పుడు పూర్తిగా తీసేయడం మరిచాడు.

మొన్న వాడు సెలవుకొచ్చినప్పుడు, సిరిసిల్ల నుంచి వచ్చిన చుట్టాలకు చిన్నమ్మ ఫోన్లో అదే చూపిస్తోంది. పోలీసుల నడుమ చేతులెత్తి, నోరంతా తెరిచి వాడు. "సూడుండ్రి, నా కొడుకు ఎట్ల కొట్లాడుతుండో! తెలంగాణ ఊకనే అచ్చిందా?" అంటూ ఆమె కళ్లు తుడుచుకుంది. ఇంతలో చరణం అయిపోయి పాట సన్నగిల్లింది. లోపల్నుంచి 'కాల్మొ...' అని వినబడబోయింది. వాడు నా దిక్కు చూశాడు, నేను వాడి దిక్కు చూశాను. ఇద్దరం ఒక్కసారే "జై తెలంగాణ!" అని గొంతు చించుకున్నాం. చుట్టాలూ అందుకున్నారు, చిన్నమ్మ అందరికంటే గట్టిగా అరిచింది. ఆ అరుపుల మధ్య నాకు ఆగని నవ్వొచ్చింది, వ్యాను వెంట పరిగెత్తిన అప్పటి నాలోని పిచ్చి పిలగాడి మీద బెంగా వచ్చింది.