పెద్దసిస్టర్ ఇప్పించిన గది

మా పెద్దసిస్టర్ పోయింది. ఆమె కూతురు సిరిసిల్ల నుంచి ఫోన్ చేసి చెప్పినప్పుడు నేను జగిత్యాలలో, క్యాన్సర్ వార్డు వరండాలో ఉన్నాను. లోపల ఎవరిదో సెలైన్ అయిపోవచ్చింది. వెళ్లి మార్చాను.

పెద్దసిస్టర్ అని పిలిచేవాళ్లమే గాని, ఆమె మా ఆస్పత్రి ఉద్యోగి కాదు. ఎక్కడో నర్సుగా చేసి రిటైరై, మా దగ్గరికి పేషెంటుగా వచ్చిన మనిషి. కీమో ఎక్కుతున్నంతసేపూ మా మొహాలే చూసేది. "తిన్నవా బిడ్డా?" అనేది. తిన్నానంటే నమ్మేది కాదు. "ఏం కూరనో చెప్పు మరి!"

ఒక ఉదయం బీర్పూర్ నుంచి వచ్చే చిన్నవయసు తల్లి చనిపోయింది. నెలల తరబడి నేనే చూసుకున్నాను. కాసేపటికే ఆ మంచం మీద దుప్పటి మార్చి ఇంకొకరిని పడుకోబెట్టాను. ఏడుపు రాలేదు. అసలేమీ అనిపించలేదు. దానికే భయమేసింది.

"గీ కొలువు ఇడిసిపెడుత సిస్టర్," అన్నాను పెద్దసిస్టర్‌తో.

"ఇడిస్తే ఇడువు. గని గిట్ల ఎండిపోయి ఇడువకు. నేను గట్లనే ఏండ్లు చేసిన. ఇంటికి పోయి పిల్లతోని సుత మాట్లాడకపోయేదాన్ని. ఏమైందని నన్నెవ్వలు అడగలే."

డాక్టర్ రాగానే, చేతికి సూది ఉండగానే లేచి కూర్చుంది.

"సారూ, గీ పిల్లలకు ఏడుద్దామంటె సుత జాగ లేదు. పేషెంటు పోయిన దినమన్న జెరసేపు కూసోనియ్యుండ్రి."

"ఉన్నదే తక్కువ మంది అమ్మా."

"గందుకే అంటున్న. ఉన్నోళ్లు సుత పోతే మమ్ములెవలు జూస్తరు?"

ఆ వారమే ఆయన స్టోరు పక్కనున్న గది ఖాళీ చేయించాడు. పేషెంటు పోయిన రోజు, చూసుకున్న నర్సు అందులో కూర్చునేది. మిగతావాళ్లం ఆమె పని పంచుకునేవాళ్లం. బీర్పూర్ తల్లి కోసం నేను ఏడ్చింది అక్కడే. సెలైన్ స్టాండు తోసుకుంటూ పెద్దసిస్టర్ వచ్చి పక్కన కూర్చుంది. నేను కొలువు వదల్లేదు.

తర్వాత ఆమెకు మందులు పనిచేయకుండా పోయాయి. ఇంటి దగ్గరే ఉంటానని వెళ్లిపోయింది.

కబురొచ్చిన రోజు ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చున్నాను. ఆమెను ఎరిగిన మిగతా నర్సులంతా బదిలీ అయిపోయారు. వార్డులో ఉన్నది కొత్తవాళ్లు. ఎవరికని చెప్పను?

మర్నాడు సిరిసిల్ల వెళ్లాను. "అమ్మ మీ వార్డు ముచ్చట్లే చెప్పేది," అంది కూతురు. "ఆమె డ్యూటీ చేసినప్పటి ముచ్చట ఒక్కటి సుత నాకు తెల్వది." నాకు తెలిసింది చెప్పాను. అది చాలా కొంచెమే.

తిరుగు బస్సులో, వేములవాడలో ఒకామె పాపనెత్తుకుని ఎక్కి నా పక్కన కూర్చుంది. పాపకు అప్పుడే గుళ్లో గుండు చేయించినట్టున్నారు. రుద్రంగి దాటేసరికి పాప నిద్రలో నా భుజం మీదికి ఒరిగింది. తల మీది గంధం చీరకు అంటుతోందని తల్లి సర్దబోయింది.

"ఉండనియ్యి అక్కా," అన్నాను.

వాళ్లు దిగే కోరుట్ల వచ్చేదాకా కదలకుండా కూర్చున్నాను.